ఇంట్లో నింపిన తూటా, బీరువాలో మిగిలిన మందు: ఒక కేస్ స్టడీ

పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల నిర్వహణ, మరమ్మతు చూసేవాడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు గుంటూరులో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర పాత తుపాకుల తనిఖీ, మరమ్మతు చూస్తున్నాను. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, ప్రమాదం జరిగాక అందరూ పగిలిన తుపాకి చుట్టూనే తిరిగారు. డాక్టర్లు చెయ్యి చూశారు, స్టేషన్ వాళ్ళు తుపాకి చూశారు, చుట్టాలు ఎవరిది తప్పని మాట్లాడుకున్నారు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంట్లో, మనుషులు పడుకునే గదిలో, తాళం వేసిన బీరువాలో ఉంది. దాని గురించి చాలా రోజులు ఎవరూ అడగలేదు.

కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలేవీ ఇవ్వడం లేదు. ఊరు, సంవత్సరం, తుపాకి తయారుచేసిన కంపెనీ చెప్పను. తుపాకి మందు ఎంత, గుళ్ళు ఎన్ని అనే కొలతలు కూడా రాయను. ఎలా నింపాలో తెలుసుకుందామని చదివేవారికి ఇందులో ఏమీ దొరకదు.

నేపథ్యం

పల్నాడు వైపు పొలాలు, గుంటూరు టౌన్‌లో ఇల్లు ఉన్న రైతు కుటుంబం. తాతగారికి 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకి ఉండేది. ఇంగ్లండ్‌లో తయారైంది, రెండు గొట్టాలూ పక్కపక్కన ఉండే రకం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా ఆయన వేటకు వెళ్ళేవారట. ఆ రోజుల్లో ఇత్తడి షెల్లు (మందు, గుళ్ళు నింపే తూటా గుల్ల) కొనుక్కుని, కాల్చిన షెల్లునే మళ్ళీ మళ్ళీ నింపుకోవడం చాలామందికి అలవాటు. తాతగారి దగ్గర దానికి కావలసిన సరంజామా అంతా ఉండేది: పాత క్యాపు (షెల్లు అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న బిళ్ళ) ఊడదీసే పనిముట్టు, కొత్త క్యాపు ఎక్కించే పనిముట్టు, మందుకూ గుళ్ళకూ మధ్య పెట్టే అట్టబిళ్ళలు, మందు కొలిచే చిన్న ఇత్తడి గిన్నె.

ఆయన పోయాక తుపాకి కొడుకు చేతికొచ్చింది. ఆయనకు యాభై దాటాయి. లైసెన్స్ తన పేరు మీద సక్రమంగానే తీసుకున్నారు, రెన్యువల్స్ ఎప్పుడూ తప్పలేదు. ఇక్కడ ఆయన్ని రైతు అనే అంటాను. ఆయన కొడుకు విజయవాడలో ఉద్యోగం. అతన్ని అబ్బాయి అంటాను.

మొక్కజొన్న కంకి పట్టే రోజుల్లో అడవిపందులు చేలోకి దిగుతున్నాయి. వాటిని బెదరగొట్టడానికి గాల్లోకి కాల్చేవారు. ఒక సీజన్‌లో డీలర్ దగ్గర ఫ్యాక్టరీ తూటాలు దొరకలేదు. మన దేశంలో 12 బోర్ తూటాలు ఎక్కువగా పుణె దగ్గర ఖడ్కీలోని అమ్యూనిషన్ ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. సరఫరా తగ్గితే చిన్న ఊళ్ళలో కొరత తప్పదు. అప్పుడు ఆయన అటక మీది ట్రంకు దించారు. నాన్నగారు నింపుతుంటే చిన్నప్పుడు పక్కన కూర్చుని చూశారు కదా, చేతికి పని గుర్తుంది. నింపారు, కాల్చారు, ఏమీ కాలేదు. మరుసటి సీజన్‌లో కూడా ఏమీ కాలేదు.

ఈ ‘ఏమీ కాలేదు’ దగ్గర కాసేపు ఆగాలి. తుపాకి ఛాంబర్‌లో (గొట్టం వెనక కొసన తూటా కూర్చునే చోట) ఒత్తిడి ఎంత పుట్టిందో కాల్చినవాడికి తెలియదు. యూరప్ ప్రమాణాల ప్రకారం మామూలు 12 బోర్ తూటాకు అనుమతించే గరిష్ఠ ఒత్తిడి 740 బార్. కారు టైరులో ఉండేది రెండు బార్ చిల్లర. ఫ్యాక్టరీలో ప్రతి బ్యాచ్ నుంచీ కొన్ని తూటాలు తీసి పరీక్ష బ్యారెల్‌లో కాల్చి ఆ ఒత్తిడి కొలుస్తారు. ఇంట్లో నింపేవాడికి అలాంటి పరికరం ఏదీ ఉండదు. 500 బార్ దగ్గర పేలిన తూటా, 900 బార్ దగ్గర పేలిన తూటా భుజానికి కాస్త తేడాగా తగులుతాయేమో, అంతే. గొట్టం తట్టుకున్నంతకాలం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. రెండు సీజన్ల అనుభవం ఆయనకు ధైర్యం ఇచ్చింది కానీ ఆ మందు గురించి ఏమీ నేర్పలేదు.

ప్రమాదం, నా దగ్గరికి వచ్చిన తీరు

ఒక రాత్రి చేలో రెండుసార్లు కాల్చారు. మొదటిది సరిగ్గా పేలలేదు, ‘ఫట్’మని చిన్న చప్పుడు చేసి ఊరుకుంది. రెండోది చెవులు గింగురుమనేలా పేలింది, దాంతోపాటే బ్యారెల్ చీలిపోయింది. ముందుభాగం పట్టుకున్న ఎడమ చెయ్యి బొటనవేలు, చూపుడువేలు బాగా దెబ్బతిన్నాయి. చూపుడువేలు కొస కణుపు తీసేయాల్సి వచ్చింది. చత్వారం కళ్ళజోడు పెట్టుకుని ఉండడం వల్ల కన్ను దక్కింది. అద్దం మీద ఇత్తడి ముక్క గీసిన గీతను తర్వాత నేనే చూశాను.

ఆస్పత్రి నుంచి పోలీసులకు సమాచారం వెళ్ళింది, తుపాకి స్టేషన్‌కు చేరింది. కుడి గొట్టంలో ఏదో ఇరుక్కుని ఉన్నట్టుంది, ఖాళీగా ఉందో లేదో తేల్చి సురక్షితం చేసి ఇవ్వమని నన్ను పిలిచారు. నాకు అప్పగించిన పని అంతవరకే.

స్టేషన్‌కు వెళ్ళేసరికి ఒక అభిప్రాయం స్థిరపడిపోయి ఉంది. మొదటి తూటా తుస్సుమంది, దాని అట్టబిళ్ళ గొట్టంలో ఇరుక్కుంది, ఆ అడ్డం మీద రెండో తూటా కాల్చేసరికి గొట్టం పగిలింది అని. వినడానికి సబబుగా ఉంది, ఇలాంటి ప్రమాదాలు నిజంగానే జరుగుతాయి. అందుకే ఎవరూ ఇంకో ప్రశ్న వేయలేదు.

తుపాకి చెప్పిన సంగతి

మొదట కుడి గొట్టంలోకి మూతి వైపు నుంచి చెక్క కడ్డీ దించాను. సగం పోయాక ఆగింది. అట్టబిళ్ళ నిజంగానే ఇరుక్కుని ఉంది. కానీ చీలింది కుడి గొట్టం కాదు, ఎడమది.

ఈ రకం తుపాకుల్లో ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానికి, వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టానికి. ఆయన అలవాటు ప్రకారం ముందు ట్రిగ్గర్, తర్వాత వెనకది నొక్కారు. అంటే తుస్సుమన్న తూటా ఒక గొట్టంలోది, పగలగొట్టిన తూటా ఇంకో గొట్టంలోది. మొదటి తూటా బిళ్ళ రెండో గొట్టానికి అడ్డం పడే అవకాశమే లేదు.

చీలిన చోటు చూసినా అదే తేలింది. అడ్డం వల్ల పగిలితే, ఆ అడ్డం ఎక్కడుందో అక్కడ గొట్టం ఉంగరంలా చుట్టూ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు దగ్గరే చీలిక మొదలవుతుంది. అది గొట్టంలో ఎక్కడైనా కావచ్చు. ఇక్కడ చీలిక ఛాంబర్ దగ్గర, తూటా కూర్చునే చోటే మొదలైంది. ఉంగరం ఉబ్బు ఎక్కడా లేదు. ఇత్తడి షెల్లు అడుగు చదునై, క్యాపు కూర్చునే గుంట సాగిపోయి, ఇత్తడి పక్క సందులోకి మైనంలా ఒరుసుకుపోయింది. ఒత్తిడి పుట్టినచోటే హద్దు దాటిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరి ఒకే చేత్తో, ఒకే గిన్నెతో, ఒకే సాయంత్రం నింపిన రెండు తూటాల్లో ఒకటి తుస్సుమనడం, ఇంకొకటి తుపాకినే పగలగొట్టడం ఎలా?

సమాధానం గొట్టాల లోపల మసిలో దొరికింది. గుడ్డ పీలిక తడిపి కుడి గొట్టంలో తిప్పితే నల్లగా, చిక్కగా, బురదలా వచ్చింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అప్పటికే లోపల తుప్పు మొదలైంది. ఎడమ గొట్టంలో పగలని భాగం తుడిస్తే పీలిక మీద పల్చటి బూడిదరంగు మరక మాత్రమే వచ్చింది, ఆ వాసన లేదు. కుడివైపు కాలింది బ్లాక్ పౌడర్. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాతకాలపు మందు. దాని మసికి గాల్లో తేమ పీల్చే గుణం ఉంది, గంధకం వల్ల ఆ వాసన వస్తుంది. ఎడమవైపు కాలింది స్మోక్‌లెస్ పౌడర్. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేల్ కనిపెట్టిన, నైట్రోసెల్యులోజ్‌తో చేసే మందుల జాతి అది. పొగ, మసి దాదాపు ఉండవు.

రైతు కోలుకున్నాక అడిగితే సంగతి బయటపడింది. సగం షెల్లు నింపేసరికి మొదటి డబ్బా అయిపోయింది. అందులో అడుగున మిగిలింది కాస్త గడ్డకట్టి ఉంటే వేలితో చిదిపి వాడారు. అది తేమ తగిలిన మందు, అందుకే తుస్సుమంది. తర్వాత ట్రంకులోనే ఉన్న రెండో డబ్బా విప్పి, అదే గిన్నెతో కొలిచి మిగతావి నింపారు.

ఆ గిన్నె బ్లాక్ పౌడర్ కోసం చేసింది. బ్లాక్ పౌడర్‌ను గిన్నెతో కొలుచుకునే పద్ధతి వందల ఏళ్ళది. ఆ మందు శక్తి తక్కువ, కొలతలో చిన్న తేడాలను కొంతవరకు భరిస్తుంది. స్మోక్‌లెస్ అలా కాదు. అంతే బరువులో శక్తి చాలా ఎక్కువ, పైగా ఒక్కో రకం సాంద్రత ఒక్కోలా ఉంటుంది. గిన్నె నిండా పోస్తే కావలసినదానికి రెట్టింపో, ఆపైనో పడొచ్చు. మందు రెట్టింపైతే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, అంతకంటే చాలా ఎక్కువగా పెరుగుతుంది. పాత తూటా డబ్బాల మీద ‘డ్రాము’ల (పాతకాలపు బరువు కొలత) లెక్క అచ్చువేయడం కూడా చాలామందిని తికమకపెట్టింది. ఆ అంకె గుళ్ళ వేగం ఎంత మోతాదు బ్లాక్ పౌడర్‌కు సమానమో చెబుతుంది. ఆ డబ్బాలోని తూటాల్లో ఉన్న స్మోక్‌లెస్ బరువు అది కాదు.

“గొట్టం మీద నైట్రో ప్రూఫ్ అని ముద్ర ఉంది కదండీ, అందుకే ఏ మందైనా ఫర్వాలేదనుకున్నా,” అన్నారు రైతు. అది స్మోక్‌లెస్ మందుతో పరీక్షించిన గొట్టమని చెప్పే ముద్ర. తుపాకులను పరీక్షించే బర్మింగ్‌హామ్, లండన్ ప్రూఫ్ హౌసులు ఆ ముద్ర వేసేటప్పుడు మామూలు ఒత్తిడికంటే కొంత ఎక్కువ పుట్టించి పరీక్షిస్తాయి. అది కూడా ఆనాటి కొత్త గొట్టానికి. రెట్టింపు మందుకు ఆ ముద్ర ఏ హామీ ఇవ్వదు.

మిగిలిన సామాను ఎక్కడ?

ఈ నిర్ధారణ వచ్చాక తుపాకి పని అయిపోయింది. అప్పుడే నాకు టెన్షన్ మొదలైంది. రెండు రకాల మందులూ ఆ ఇంట్లో ఉండేవన్నమాట. తేమ తగిలి గడ్డకట్టే స్థితిలో ఒక డబ్బా ఉంటే, తాతగారి కాలం నాటి రెండోది ఎలా ఉండి ఉంటుంది? క్యాపులు ఎక్కడున్నాయి? నింపిన తూటాలు ఇంకెన్ని మిగిలాయి?

అబ్బాయికి ఫోన్ చేశాను. “నాన్నగారిని అడిగాను సార్, ఇంట్లో ఇంకేమీ లేవంటున్నారు,” అన్నాడు. ఆ జవాబు నమ్మదగ్గది కాదు. ఆయన అబద్ధాలకోరని కాదు, భయపడుతున్నారని. లైసెన్స్ తుపాకి ఉంచుకోవడానికే. తూటా తయారుచేయడానికి ఆయుధాల చట్టం 1959లోని సెక్షన్ 5 కింద వేరే లైసెన్స్ కావాలి. అదే చట్టం నిర్వచనంలో తుపాకికి వేసే మందు, తూటా భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు అన్నీ ‘అమ్యూనిషన్’ కిందికే వస్తాయి. ఇది ఆయనకు ఆస్పత్రిలో ఎవరో చెప్పారు. అప్పటినుంచి మిగిలిన సామాను గురించి నోరు విప్పడం మానేశారు.

దాంతో ఇంట్లోవాళ్ళు తమకు తోచింది చేశారు. మిగిలిన తూటాలను రైతు భార్య బకెట్ నీళ్ళలో వేసి బాత్‌రూమ్ మూలన పెట్టారు. తడిస్తే చచ్చిపోతాయని ఆమె నమ్మకం. మనలో చాలామంది అదే అనుకుంటారు, కానీ నీళ్ళను నమ్ముకోకూడదు. క్యాపు మీద లక్క పూత ఉంటే లోపలికి తేమ దిగడానికి ఎంతకాలం పడుతుందో చెప్పలేం. నూనెలో నానబెట్టిన క్యాపు పేలిన సందర్భాలూ ఉన్నాయి. బ్లాక్ పౌడర్‌లో సురేకారం నీళ్ళలో కరిగిపోతుంది, నిజమే. స్మోక్‌లెస్ పౌడర్ కరగదు, ఆరితే మళ్ళీ మండుతుంది. తడిసిన తూటాను ఎవరో ఎండలో ఆరబెట్టడమో, చెత్తబుట్టలో పడేయడమో జరిగితే మొదటికంటే పెద్ద ముప్పు. చుట్టాల్లో ఒకాయన పొలంలో గొయ్యి తీసి పాతిపెట్టమన్నారు. నాగలి తగిలినా, ట్రాక్టర్ రోటవేటర్ తగిలినా ఏమవుతుందో ఆయన ఆలోచించలేదు. ఇంకొకరు చితుకులేసి తగలబెట్టమన్నారు. అదృష్టం, ఆ రెండూ జరగలేదు.

ఫోన్‌లో అడిగితే పనవలేదు కాబట్టి ప్రశ్న మార్చాలనుకున్నాను. ‘మందు ఉందా’ అని అడిగితే అది ఒప్పుకోలు అడిగినట్టు ఉంటుంది. ఇంటికి వెళ్ళి, భార్యతో, “చెల్లెమ్మా, ఆయన ఎక్కడ కూర్చుని నింపేవారో ఆ చోటు ఒక్కసారి చూపిస్తావా,” అన్నాను. వెనకవైపు వరండా చూపించింది. ఆ తర్వాత ఆమే చెప్పడం మొదలుపెట్టింది. “అన్నయ్యగారూ, పిల్లలు ముట్టుకుంటారని అన్నీ బీరువాలో పెట్టించాను. తాళం నా దగ్గరే ఉంది.”

ఆ బీరువా ఉన్న గది పడమటి గోడ పక్కన. వేసవిలో మధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెట్టలేం. గుంటూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు, మే నెలలో 44, 45 డిగ్రీల దాకా కూడా పోతుంది. గదిలో ఒక మూల ఇన్వర్టర్ బ్యాటరీ. గోడ అవతల పూజగది, అందులో రోజూ దీపం. బీరువాలో పట్టుచీరలు, పొలం కాగితాలు, వాటి కింద అరలో అసలు సామాను.

తలుపు తీయాలా వద్దా? తీయకుండా బాంబ్ స్క్వాడ్‌కు ఫోన్ చేస్తే, ఏముందో చెప్పలేం, వాళ్ళు ఎంత అత్యవసరంగా రావాలో తెలియదు. పైగా మూసిన ఇనప బీరువాయే ఆ గదిలో అన్నిటికంటే ప్రమాదకరమైన వస్తువు. స్మోక్‌లెస్ పౌడర్ ఆరుబయట అంటుకుంటే పెద్ద మంట వేసి ఆరిపోతుంది. గట్టి పెట్టెలో అంటుకుంటే గ్యాస్ బయటికి పోయే దారి లేక పెట్టెతో సహా పేలుతుంది. ఇంట్లో తూటాలు నింపుకోవడం చట్టబద్ధమైన అమెరికాలో అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 ఈ మందు ఒక హద్దు దాటి ఉంటే అంగుళం మందం చెక్క పెట్టెల్లో పెట్టమనడానికి కారణం ఇదే. లోపల ఒత్తిడి పెరిగితే చెక్క ముందే విడిపోవాలి. మన ఇళ్ళలో విలువైనదీ ప్రమాదకరమైనదీ ఇనప్పెట్టెలోనే పెట్టడం అలవాటు. ఆ తల్లి పిల్లల కోసం చేసిన మంచి పనే ముప్పును పెంచింది. బ్లాక్ పౌడర్ అయితే బిగించకపోయినా కాస్త ఎక్కువ మోతాదులో పేలగలదు. నిప్పురవ్వకూ రాపిడికీ స్మోక్‌లెస్ కంటే చాలా సున్నితం.

అందరినీ వీధి వైపు వరండాలోకి పంపించాం. పూజగదిలో దీపం కొండెక్కించారు. గదిలో స్విచ్‌లేవీ ముట్టుకోవద్దన్నాను, వెయ్యడానికీ కాదు, ఆపడానికీ కాదు. సెల్‌ఫోన్లు బయట పెట్టించాను. తాళం నేను తీశాను.

రెండో డబ్బా మూత అంచు నుంచి ఎర్రటి తుప్పు పొరలుగా రాలుతోంది. దగ్గరికి వంగకుండానే ముక్కు మండే పుల్లటి వాసన. బాగున్న స్మోక్‌లెస్ పౌడర్‌కు ఈథర్ లాంటి తేలిక వాసన ఉంటుంది. పుల్లటి వాసన వచ్చిందంటే లోపల నైట్రోసెల్యులోజ్ విడిపోతూ ఆమ్లపు ఆవిరులు వదులుతోందని అర్థం. ఆ ఆవిరులే విడిపోవడాన్ని ఇంకా వేగిరం చేస్తాయి, అందులోంచి వేడి పుడుతుంది. దీన్ని ఆపడానికి తయారీలోనే డైఫినైలమైన్ లాంటి స్టెబిలైజర్ కలుపుతారు. దశాబ్దాలు గడిచి అది ఖర్చైపోతే, వేసవిలో తనంత తానే అంటుకునే స్థితికి రావచ్చు.

దాని పక్కన హార్లిక్స్ సీసాలో క్యాపులు. కంపెనీ వాళ్ళు క్యాపులను ట్రేలో ఒక్కోదాన్ని ఒక్కో గుంటలో పెట్టి అమ్ముతారు. ఒకటి పేలినా పక్కది అంటుకోకూడదని. సీసాలో కలిపి పోస్తే ఒకటి పేలితే అన్నీ ఒకేసారి పేలతాయి, గాజు పెంకులతో సహా. క్యాపులోని మందు లెడ్ స్టిఫ్‌నేట్ లాంటిది, మరీ పాతవైతే పాదరసం ఫల్మినేట్ కూడా కావచ్చు. రెండూ దెబ్బకూ రాపిడికీ పేలేవే. సీసా అడుగున సన్నటి పొడి రాలి ఉంది.

సీసాను పెరట్లోకి తీసుకెళ్ళి పెడదామన్నాడు అబ్బాయి. గది నుంచి తప్పిస్తే ఇల్లు క్షేమం కదా అన్న అతని ఆలోచన సహజమే. వద్దన్నాను. క్యాపులు కదిలినప్పుడల్లా ఒకదానికొకటి రుద్దుకుంటాయి. కదలకుండా ఉన్నంతసేపు సీసాతో పెద్ద ప్రమాదం లేదు, కదిపిన చేతికే ప్రమాదం. ఆ రోజుకు ఒక చేతి వేలు పోయింది చాలు. డబ్బా విషయంలో లెక్క వేరు. అక్కడ శత్రువు వేడి. కానీ దాన్ని తీయాలంటే సీసాను కదపాలి, తుప్పు మూతను పట్టుకోవాలి. బీరువా తలుపు బార్లా తెరిచి, కిటికీలు తెరిచి, గది ఖాళీ చేస్తే ఆవిరి బయటికిపోతుంది, ఏదైనా అంటుకున్నా బిగువు ఉండదు. కదపకుండా చేయగలిగిన పనుల్లో ఎక్కువ ముప్పు తగ్గించేది ఇదే. చీరలు, కాగితాలు కూడా తీయనివ్వలేదు. పొలం పాస్‌బుక్కులన్నా తెచ్చుకుంటానని ఆమె ఏడ్చినంత పని చేసింది. ఆ మాట కాదనడం కష్టమైంది, అయినా కాదన్నాను.

స్క్వాడ్ వచ్చేదాకా

స్టేషన్‌కు ఫోన్ చేసి సామాను తీసుకెళ్ళమంటే, విడి మందు, విడి క్యాపులు స్టోర్‌లో పెట్టుకోలేమన్నారు. ఆ మాట న్యాయమైందే. పాడైన మందును జీపులో తీసుకెళ్ళి కేసు సామాను గదిలో పెడితే ప్రమాదం చిరునామా మారుతుందంతే. బాంబ్ స్క్వాడ్ రావాలంటే మాత్రం రాతపూర్వకంగా సమాచారం కావాలి. రైతు మౌనం అక్కడ అడ్డం వచ్చింది.

ఆయన దగ్గరికి వాళ్ళ లాయరును తీసుకెళ్ళాను. చట్టం సెక్షన్ 21 గురించి లాయరే వివరించారు. ఉంచుకోకూడని ఆయుధమో మందుగుండో దగ్గరుంటే ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్‌లో గానీ లైసెన్స్ డీలర్ దగ్గర గానీ అప్పగించాలని అది చెబుతుంది. దాచిపెట్టి దొరకడానికీ, తానే రాసిచ్చి అప్పగించడానికీ తేడా ఉంటుందన్నారు. కేసే ఉండదని మేమెవరం మాటివ్వలేదు. నేను ఒక్కటే అన్నాను: “మీ ఆవిడ ఆ గదిలోనే పడుకుంటోందండీ.” కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తెమ్మన్నారు. కుడిచేత్తో, తన దస్తూరీలోనే, ఏమేం ఉన్నాయో గుర్తున్నంతవరకు రాశారు.

ఆ కాగితంతో పని వేగంగా జరిగింది. స్క్వాడ్ ఆ సాయంత్రమే వచ్చింది. క్యాపుల సీసాను వాళ్ళ పద్ధతిలో వాళ్ళు తీశారు, డబ్బాను వేరుగా, బకెట్‌లోని తూటాలను వేరుగా తీసుకెళ్ళారు. వాటిని ఎలా నిర్వీర్యం చేశారన్నది ఇక్కడ రాయదగ్గది కాదు. శిక్షణ, కవచం ఉన్నవాళ్ళ పని అది.

ఆరా తీయాల్సిన ఇంకో గిన్నె

రైతు రాసిచ్చిన జాబితాను సామానుతో సరిచూస్తుంటే ఒకటి పట్టింది. జాబితాలో కొలిచే గిన్నె ఒక్కటే ఉంది, ట్రంకులోనూ ఒక్కటే దొరికింది. తాతగారు రెండు మందులూ వాడినవారు, ముప్పై ఏళ్ళకు పైగా క్షేమంగా కాల్చినవారు. అలాంటి మనిషి రెండింటినీ ఒకే గిన్నెతో కొలిచి ఉండరు. రెండో గిన్నె ఉండి తీరాలి. గిన్నె ఎక్కడికి పోయిందో దానితోపాటు ఇంకేం పోయిందో అడగాలి.

పాత తుపాకి ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా ఇప్పుడు నేను అడిగే ప్రశ్న ఇదే: పంపకాల్లో ఎవరికి ఏమేం వెళ్ళాయి? భూమి, బంగారం లెక్క అందరికీ గుర్తుంటుంది. ట్రంకుల్లో సామాను ఎవరూ రాసుకోరు. తుపాకి లైసెన్స్ ఉన్న కొడుక్కి వెళుతుంది, మిగతా వేట సామాను ‘నాన్నగారి గుర్తు’గా ఎవరికి నచ్చింది వాళ్ళు పట్టుకుపోతారు. లైసెన్స్ లేని ఇంట్లో తుపాకి మందు ఉందన్న ఆలోచన పోలీసులకూ రాదు, ఆ ఇంటివాళ్ళకూ రాదు.

రైతు కాసేపు ఆలోచించి, తమ్ముడి పేరు చెప్పారు. తాతగారి తోలు సంచి, ఒక కొమ్ము, కొన్ని ఇత్తడి సామాన్లు తమ్ముడు తీసుకున్నాడట. తమ్ముడికి ఫోన్ చేస్తే సంచి పశువుల కొట్టంలో అటక మీద ఉందన్నాడు. విప్పి చూస్తానన్నాడు. విప్పొద్దు, ఎక్కడున్నది అక్కడే ఉంచి, పశువులను బయట కట్టేయమన్నాను. కొట్టంలో బీడీ కాల్చే అలవాటున్న పాలేరును కూడా అటు వెళ్ళనివ్వద్దన్నాను. ఈసారి కాగితం రాయడానికి ఎవరినీ బతిమాలనక్కర్లేదు. అన్నగారే తమ్ముడితో మాట్లాడి రాయించారు.

మరునాడు స్క్వాడ్ ఆ కొట్టంలో సంచి విప్పితే అందులో సగం నిండిన బ్లాక్ పౌడర్ కొమ్ము, గుడ్డలో మూటకట్టిన క్యాపులు, వాటి మధ్య చిన్న ఇత్తడి గిన్నె ఉన్నాయి. గిన్నె అడుగున తాతగారు మేకుతో గీసుకున్న రెండు గీతలు ఉన్నాయి. రైతు ట్రంకులోని గిన్నె మీద అలాంటి గీతలు లేవు.